కోర్టు హాల్లో ఫోన్‌తో రికార్డు చేయొచ్చా? దొరికితే ఏమవుతుంది, దానికి బదులు ఏం చేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ నాన్నగారి పేరున ఉన్న పొలం మీద కింది కోర్టులో దావా నడుస్తోంది. పోయిన వాయిదాలో మీ లాయరు గారు అవతలి సాక్షిని క్రాస్ చేస్తుంటే (ఎదురు ప్రశ్నలు వేస్తుంటే), హద్దుల గురించి అతను ఒక ముఖ్యమైన మాట ఒప్పుకున్నాడు. ఆ మాట డిపోజిషన్‌లో, అంటే సాక్షి చెప్పింది కోర్టు రాసే కాగితంలో, సరిగ్గా రాలేదని మీ అనుమానం. అందుకని వచ్చే వాయిదాకి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో పెట్టుకుని కూర్చుంటే తప్పా, ఆ రికార్డింగ్ రేపు అప్పీలులో పనికొస్తుందా, ఒకవేళ దొరికితే ఏమవుతుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. చేయకండి. జడ్జి గారి అనుమతి లేకుండా కోర్టు హాల్లో ఆడియో గానీ, వీడియో గానీ, ఫొటో గానీ తీయకూడదు. దొరికితే ఫోన్ తీసేసుకోవడం దగ్గర్నుంచి కోర్టు ధిక్కారం దాకా వెళ్లొచ్చు. దొరక్కపోయినా ఆ రికార్డింగ్ మీరు అనుకుంటున్న పనికి రాదు. ఇది రెండో మాట అయినా మీ విషయంలో ఇదే ముఖ్యం. మీ అసలు బాధకి చట్టంలో వేరే దారి ఉంది. అది రికార్డింగ్ కంటే గట్టిది, కాకపోతే వెంటనే కదలాలి. జిల్లా కోర్టుల్లో సివిల్, క్రిమినల్ రెండు వైపులా ప్రాక్టీస్ చేస్తున్న లాయరుగా ఒక్కొక్కటీ వివరంగా రాస్తాను.

ఏ చట్టంలో ఉంది ఈ నిషేధం?

చాలామంది ఇక్కడే పొరబడతారు. "కోర్టులో ఫోన్ వాడటం నేరం" అని ఒకే ఒక్క సెక్షన్ మన దేశంలో లేదు. ఇంగ్లండులో 1925 నాటి చట్టమే కోర్టులో ఫొటోలు తీయడాన్ని నిషేధించింది, 1981 చట్టం అనుమతి లేని ఆడియో రికార్డింగును కోర్టు ధిక్కారం అంది. మన దగ్గర అలా ఒక్కచోట రాసి లేదు. హైకోర్టులు తమ నియమాల్లో, సర్క్యులర్లలో పెడతాయి. వాటి ప్రకారం జిల్లా జడ్జిలు నోటీసులు ఇస్తారు. వీటన్నిటితో పాటు, తన హాల్లో క్రమశిక్షణ ఎలా ఉండాలో చెప్పే అధికారం ఆ కోర్టు జడ్జికి ఎప్పుడూ ఉంటుంది. గోడ మీద "సెల్ ఫోన్ స్విచ్ఛాఫ్ చేయవలెను" అన్న కాగితం లేనంత మాత్రాన రికార్డు చేసుకోవచ్చని కాదు. ఆ కాగితం ఫోన్ మోగడం గురించి. రికార్డింగ్ అంతకంటే పెద్ద విషయం.

ఇక శిక్షల సంగతి. 1971 కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 12 ప్రకారం గరిష్ఠంగా ఆరు నెలల సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కింది కోర్టులో జరిగిన ధిక్కారమైతే ఆ కోర్టు హైకోర్టుకు రిఫర్ చేస్తుంది, శిక్షించే అధికారం హైకోర్టుది. నిజాయతీగా క్షమాపణ చెప్తే కోర్టు వదిలేయొచ్చు. పైగా సెక్షన్ 13 ప్రకారం న్యాయ ప్రక్రియకు చెప్పుకోదగ్గ ఆటంకం కలిగితే తప్ప శిక్ష వేయరు. ఇది కాక, విచారణ జరుపుతున్న జడ్జిని కావాలని అవమానించినా, పనికి అడ్డు తగిలినా భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 267 ఉంది, పాత ఐపీసీలో 228. దాని కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది కళ్లెదుటే జరిగితే ఆ జడ్జే, కోర్టు దిగేలోపు, అక్కడికక్కడే జరిమానా వేసే పద్ధతి కూడా ఉంది.

అయితే మిమ్మల్ని ఊరికే భయపెట్టడం నా ఉద్దేశం కాదు. రోజూ జరిగేది ఇదీ: అటెండర్ గానీ, బెంచ్ క్లర్క్ గానీ, ఎక్కువసార్లు అవతలి లాయరు గానీ గమనిస్తారు. జడ్జి గారు ఫోన్ తెప్పించుకుంటారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, రాతపూర్వకంగా క్షమాపణ తీసుకుని, ఫైల్ డిలీట్ చేయించి ఇచ్చేస్తారు. ఫోన్ మోగితే మందలింపుతో పోతుంది. రికార్డు చేస్తూ దొరికితే మాత్రం అది డాకెట్‌లో (ఆ రోజు కేసులో ఏం జరిగిందో జడ్జి రాసే చోట) రాస్తారు. ఆ రాత మీ కేసు కట్టలో ఉండిపోతుంది. తర్వాత ఆ కట్ట తెరిచే ప్రతి జడ్జీ దాన్ని చదువుతారు.

నేను చూసిన ఒక క్రిమినల్ కేసులో నిందితుడి తమ్ముడు, వయసులో చిన్నవాడు, బోనులో సాక్షి నిలబడి ఉండగా వెనక బెంచీ నుంచి ఫొటో తీశాడు. తీసింది వాళ్ల గ్రూపులో పెట్టుకోవడానికే. అతనికి దురుద్దేశం ఉందని నేను ఇప్పటికీ అనుకోను. కానీ పబ్లిక్ ప్రాసిక్యూటర్ దాన్ని "సాక్షిని బెదిరించే ప్రయత్నం" అని రాసి, అన్నగారి బెయిల్ రద్దు చేయమని పిటిషన్ వేశారు. ఫొటో తీసింది ఒకరు, జైలుకి వెళ్లబోయింది ఇంకొకరు. బెయిల్ రద్దు కాలేదు గానీ, ఆ కుటుంబం కొన్ని వారాల పాటు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

"ఓపెన్ కోర్టు కదా, ఎవరైనా వచ్చి వినొచ్చు కదా?"

వినొచ్చు. సివిల్ కోర్టుకైతే సీపీసీ (సివిల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 153బి, క్రిమినల్ కోర్టుకైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) సెక్షన్ 366 ఆ హక్కు ఇస్తున్నాయి. సుప్రీంకోర్టు 1966లోనే మిరాజ్‌కర్ కేసులో తొమ్మిది మంది జడ్జిల బెంచ్‌తో బహిరంగ విచారణ ఎంత అవసరమో చెప్పింది. అదే తీర్పులో, న్యాయం కోసం అవసరమైతే ఒక సాక్ష్యం బయట ప్రచురించకుండా ఆపే అధికారం కూడా కోర్టుకు ఉందని చెప్పింది. కాబట్టి వచ్చి కూర్చోవడం, వినడం, కాగితం మీద రాసుకోవడం, బయటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పుకోవడం, ఇవన్నీ మీ హక్కులే. జడ్జీలు నోటితో అన్న మాటల్ని కూడా పత్రికలు రాయొచ్చని 2021 మేలో ఎన్నికల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వినే హక్కులో రికార్డు చేసే హక్కు మాత్రం కలిసి లేదు.

"మరి యూట్యూబ్‌లో వాళ్లే చూపిస్తున్నారు కదా" అంటారు. నిజమే. 2018 సెప్టెంబరు 26న స్వప్నిల్ త్రిపాఠీ కేసులో సుప్రీంకోర్టు లైవ్ స్ట్రీమింగ్‌కి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2020 అక్టోబరులో గుజరాత్ హైకోర్టు యూట్యూబ్‌లో మొదలుపెట్టింది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు 2022 సెప్టెంబరు 27 నుంచి ప్రత్యక్షంగా వస్తున్నాయి. అయితే ఆ కెమెరా కోర్టుది, ఏ కేసు చూపించాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది కోర్టు. సుప్రీంకోర్టు ఈ-కమిటీ 2021లో తయారుచేసిన నమూనా నియమాల్లో, అనుమతి లేకుండా ఆ ప్రసారాన్ని రికార్డు చేయడం, ముక్కలు చేసి పంచడం కుదరదని రాసి ఉంది. విడాకులు, పిల్లల కస్టడీ, లైంగిక నేరాలు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) లాంటి కేసులు అసలు ప్రసారమే చేయకూడదని కూడా ఉంది. 2024 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు విచారణ క్లిప్పులు దేశమంతా తిరిగినప్పుడు, యూట్యూబ్ ఛానళ్లు వాటిని వాడకుండా ఆ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అదే సమయంలో సుప్రీంకోర్టు, ఇలాంటివి జరిగాయని లైవ్ స్ట్రీమింగ్ ఆపేయడం పరిష్కారం కాదని కూడా చెప్పింది. నాకూ అదే సరైన దారి అనిపిస్తుంది. కోర్టు తన కెమెరాతో ఇంకా ఎక్కువ చూపించాలి, ఎవరి ఫోన్ వాళ్లు తీయకూడదు.

ఇంట్లో కూర్చుని వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరైనా ఇదే రూలు. చాలామందికి ఇది తట్టదు, ఎందుకంటే స్క్రీన్ రికార్డింగ్ ఒక్క బటన్ దూరంలో ఉంటుంది. వీడియో కాన్ఫరెన్స్ నమూనా నియమాల్లోనే అనధికార రికార్డింగ్ కుదరదని ఒక వాక్యం ఉంది, హైకోర్టులు తీసుకొచ్చిన నియమాల్లోనూ అది కనిపిస్తుంది. 2024 మార్చిలో ఢిల్లీలోని ఒక కోర్టులో మద్యం విధానం కేసు విచారణప్పుడు అప్పటి ముఖ్యమంత్రి మాట్లాడిన మాటల రికార్డింగ్ సోషల్ మీడియాలో తిరిగింది. జూన్‌లో ఢిల్లీ హైకోర్టు వాటిని తీసేయమని సోషల్ మీడియా సంస్థల్ని ఆదేశించింది. అంత పెద్ద కేసులోనే వదల్లేదు. ఆన్‌లైన్ హాజరీలో ఇంకో మాట: అది కూడా కోర్టే. 2025లో ఒకాయన గుజరాత్ హైకోర్టు విచారణకి మరుగుదొడ్డిలోంచి హాజరై దేశమంతటికీ వార్త అయ్యాడు. ఒకచోట కుర్చీ వేసుకుని, వెనక గోడ చూసుకుని, మైకు ఆపి కూర్చోండి.

ఎందుకింత పట్టుదల?

అందరూ చెప్పేది కోర్టు గౌరవం గురించి. అది సరే. నేను కోర్టులో నిలబడి చూసేది మాత్రం సాక్షి సంగతి.

ఒక దావాలో ముగ్గురు సాక్షులున్నారనుకోండి. మొదటి సాక్షిని క్రాస్ చేసేటప్పుడు మిగతా ఇద్దరినీ బయట కూర్చోబెడతాం. లోపల ఏం అడిగారో తెలియకుండా వచ్చి ఎవరికి తెలిసింది వాళ్లు చెప్తేనే ఎవరు నిజం చెప్తున్నారో తేలుతుంది. "ఆ రోజు పొలం దగ్గర ఎవరెవరున్నారు" అన్న ప్రశ్నకి ముగ్గురూ విడివిడిగా ఒకే జవాబు చెప్తే దానికి విలువ. ఒకరు లోపల కూర్చుని ప్రశ్నలూ జవాబులూ వాట్సాప్‌లో బయటికి పంపుతుంటే ఈ పరీక్ష మొత్తం చచ్చిపోతుంది. ఇది ఊహించి చెప్పడం లేదు. ఒక భాగస్వామ్యం దావాలో అవతలి పార్టీ బంధువు ఇలాగే మెసేజ్‌లు పెడుతుంటే మా జూనియర్ చూసి చెప్పాడు. నేను వెంటనే లేచి జడ్జి గారికి చెప్పాను. ఆయన ఆ విషయం డిపోజిషన్‌లోనే రాయించారు. తర్వాత వచ్చిన సాక్షి నిజమే చెప్పి ఉండొచ్చు. కానీ తీర్పులో ఆ సాక్ష్యానికి విలువ ఇవ్వలేదు. నిజం చెప్పినవాడి మాట కూడా పోయింది, అదే నాకు బాధ కలిగించింది.

ఇంకోటి భయం. ఊళ్లో పెద్దమనిషి మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చిన కూలీ, భర్త కొట్టిన దెబ్బల గురించి చెప్పాల్సిన అమ్మాయి, వీళ్లు బోనెక్కడమే కష్టం. ఎదురుగా ఎవరో ఫోన్ నిలబెట్టి పట్టుకుంటే గొంతు పెగలదు. సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరుగుతుందని వాళ్లకి తెలుసు. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో ఆమోదించింది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 398 ప్రతి రాష్ట్రం అలాంటి పథకం పెట్టాలంటోంది. ఇన్ని చేసి, హాల్లో ప్రతి ఒక్కరి చేతిలో కెమెరా వదిలేస్తే ఆ రక్షణకి అర్థం లేదు.

కొన్ని కేసుల్లో ఇది మర్యాద దాటి నేరం అవుతుంది. అత్యాచారం కేసుల్లో ఇన్ కెమెరా విచారణ, అంటే తలుపులు మూసి జరిపే విచారణ తప్పనిసరి. బాధితురాలి పేరు, గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత సెక్షన్ 72 కింద రెండేళ్ల వరకు జైలు. పోక్సో కోర్టులో, జువెనైల్ బోర్డులో పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. హిందూ వివాహ చట్టం సెక్షన్ 22 కింద విడాకుల విచారణ కూడా అంతే, అందులో జరిగింది ప్రచురించకూడదు. లోక్ అదాలత్‌లో, మీడియేషన్‌లో అసలు రికార్డింగ్ మాట ఎత్తకండి. 2023 మీడియేషన్ చట్టంలో పార్టీలు గానీ మీడియేటర్ గానీ ఆడియో, వీడియో తీయకూడదని విడిగా రాశారు. రాజీ కోసం మనసు విప్పి మాట్లాడేది రేపు మన మీదే వాడతారన్న భయం ఉంటే ఎవరూ రాజీకి రారు.

సరే, ఎలాగో రికార్డు చేశారనుకుందాం. అప్పీలులో చెల్లుతుందా?

చెల్లదు. కారణం సాంకేతికం కాదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అదీ ఒక అడ్డంకే. కానీ సర్టిఫికెట్ పెట్టినా పని జరగదు. 1982లో మహారాష్ట్ర ప్రభుత్వం, రామ్‌దాస్ శ్రీనివాస్ నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ప్రతి లాయరుకీ తెలుసు: కోర్టులో ఏం జరిగిందన్నదానికి జడ్జి రాసిందే అంతిమం. అది తప్పని పార్టీకి అనిపిస్తే, విషయం ఇంకా తాజాగా ఉండగానే, అదే జడ్జి ముందుకు వెళ్లి సరిచేయమని అడగాలి. పై కోర్టుకు వెళ్లి "అక్కడ అలా జరగలేదు" అని అఫిడవిట్ వేసినా, రికార్డింగ్ వినిపించినా వినరు. పైగా మొదటి ప్రశ్న "ఇది ఎవరి అనుమతితో తీశారు" అనే వస్తుంది. బలమైన కేసుతో వెళ్లి మీరే బోనెక్కినట్టవుతుంది.

మీరు అడగకపోయినా ఒక తేడా చెప్పాలి. కోర్టు బయట అవతలి పార్టీతో మీరే మాట్లాడిన ఫోన్ సంభాషణ రికార్డింగ్ వేరే సంగతి. 1972లో మల్కానీ కేసు నుంచి అలాంటివి షరతులతో సాక్ష్యంగా తీసుకుంటున్నారు. 2025 జులైలో సుప్రీంకోర్టు, భార్యాభర్తల కేసుల్లో రహస్యంగా రికార్డు చేసిన మాటలు కూడా సాక్ష్యంగా చూడొచ్చని చెప్పింది. ఈ తీర్పులు వార్తల్లో చదివి "రికార్డింగ్ చెల్లుతుందట" అని కోర్టు హాల్లో ఫోన్ ఆన్ చేసేవాళ్లు ఉన్నారు. ఆ తీర్పులు కోర్టు హాలు గురించి కావు.

మీకు నిజంగా పనికొచ్చేది ఏమిటి

మీ కష్టం కల్పితం కాదని నాకు తెలుసు. సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జి గారు ఇంగ్లిషులో స్టెనోకి డిక్టేట్ చేస్తారు. ఆ మధ్యలో "అవును, కానీ మా నాన్న చెప్తే తెలిసింది" అన్న జవాబు ఉత్త "అవును" అయిపోవచ్చు. ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, రోజుకు అన్ని కేసులు నడిచేచోట ఇది జరుగుతుంది. అందుకే సీపీసీ ఆర్డర్ 18 లో దీనికి ఏర్పాట్లున్నాయి.

మొదటిది రూల్ 10. ఏదైనా ఒక ప్రశ్న, దాని జవాబు ముఖ్యమైనదనిపిస్తే, వాటిని ప్రశ్న-జవాబు రూపంలో ఉన్నదున్నట్టు రాయమని లాయరు అక్కడికక్కడే అడగొచ్చు. ప్రత్యేక కారణం ఉందనిపిస్తే కోర్టు అలా రాయిస్తుంది. హద్దుల గురించి, సంతకం గురించి, స్వాధీనం గురించి సాక్షి కీలకమైన మాట అన్నప్పుడు నేను ప్రతిసారీ లేచి, "సాక్షి అన్న తెలుగు మాటలే రాయించండి సార్" అని అడుగుతాను. మర్యాదగా అడిగితే కాదన్న జడ్జీలు తక్కువ. రూల్ 11 ప్రకారం ఒక ప్రశ్నకు అభ్యంతరం చెప్పినా కోర్టు దాన్ని అనుమతిస్తే, ప్రశ్న, జవాబు, అభ్యంతరం, ఎవరు చెప్పారు అన్నవన్నీ రాయాలి.

రెండోది, డిపోజిషన్ చదివి వినిపించే దశ. సాక్షి చెప్పిన భాషలో కాకుండా, అతనికి అర్థం కాని భాషలో సాక్ష్యం రాస్తే, రాసింది అతను చెప్పిన భాషలోనే వినిపించాలి. క్రిమినల్ కేసుల్లో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. హడావిడిలో దీన్ని చాలామంది పట్టించుకోరు, సాక్షి గబగబా సంతకం పెట్టి వెళ్లిపోతాడు. మీరు మీ లాయరు గారి పక్కనే ఉండి, సంతకాలు కాకముందే ఒకసారి చదవమని అడగండి. తప్పు పట్టుకోవడానికి అంతకంటే మంచి సమయం లేదు.

మూడోది మెమో. ఆ రోజు తప్పింది, సాయంత్రం గుర్తొచ్చింది అనుకోండి. మర్నాడే, కుదిరితే అదే రోజు కోర్టు దిగేలోపు, ఫలానా ప్రశ్నకి ఫలానా జవాబు వచ్చింది, డిపోజిషన్‌లో ఇలా ఉంది, దయచేసి సరిచేయండి అని ఒక మెమో వేయాలి. రామ్‌దాస్ నాయక్ కేసు చెప్పిన దారి ఇదే. మా క్లయింటు ఒకావిడ ఇలాగే, గది నిండా మనుషులుండగా రికార్డింగ్ పెట్టుకోవాలని పట్టుబట్టారు. వద్దని చెప్పి, ఆవిడ చేత చిన్న నోట్‌బుక్కులో రాయించాను. ఒక జవాబు తేడా వచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకే మెమో వేశాం. జడ్జి గారు రెండు వైపులా లాయర్లను అడిగారు, అవతలి లాయరు కూడా ఒప్పుకున్నారు, ఆ వాక్యం సరిచేశారు. అవతలి లాయరు ఎందుకు ఒప్పుకున్నారంటారా? పొద్దున విన్న మాట మధ్యాహ్నానికి ఎవరూ మర్చిపోరు. అదే ఆరు నెలల తర్వాతైతే ఆయనకీ గుర్తుండదు, జడ్జి గారికీ గుర్తుండదు.

నాలుగోది, కోర్టునే రికార్డు చేయమని అడగడం. ఇది చట్టంలో ఉందని చాలామందికి తెలియదు. ఆర్డర్ 18 రూల్ 4 సాక్ష్యాన్ని రాతలోనే కాక యంత్ర సాయంతో కూడా నమోదు చేయొచ్చంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత క్రిమినల్ విచారణల్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిపే వీలు ఇచ్చింది. సాక్షి పెద్దవయసు వాడైనా, మాట అస్పష్టంగా ఉన్నా, కేసు పెద్దదైనా కారణాలు రాసి ఒక పిటిషన్ వేయొచ్చు. ఒప్పుకోవడం కోర్టు ఇష్టం. ఒప్పుకుంటే మాత్రం ఆ రికార్డింగ్ కోర్టు రికార్డు అవుతుంది, దాన్ని ఎవరూ ప్రశ్నించలేరు. క్రాస్ అడ్వకేట్ కమిషనర్ (సాక్ష్యం నమోదు చేయడానికి కోర్టు నియమించిన లాయరు) ముందు జరుగుతుంటే కూడా ఇది ముందే అడిగి ఉత్తర్వు తెచ్చుకోండి. కమిషనర్ గారు "పర్లేదు, ఆన్ చేసుకోండి" అన్నారని మీ ఫోన్ ఆన్ చేయొద్దు.

కోర్టుల్లో సీసీ కెమెరాలున్నాయి కదా, ఆ ఫుటేజ్ తీసుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. 2017 మార్చిలో ప్రద్యుమన్ బిష్త్ కేసులో సుప్రీంకోర్టు కెమెరాలు పెట్టమన్నప్పుడే ఆడియో లేకుండా పెట్టమంది. హైకోర్టు అనుమతి లేనిదే ఎవరికీ ఇవ్వకూడదని, సమాచార హక్కు చట్టం కింద కూడా రాదని చెప్పింది. కాబట్టి ఆ దారి మర్చిపోండి.

ఫోన్ అసలు తీసుకెళ్లకూడదా?

తీసుకెళ్లొచ్చు. చాలా జిల్లా కోర్టుల్లో లోపలికి రానిస్తారు, సైలెంట్‌లో కాకుండా పూర్తిగా ఆఫ్ చేసి పెట్టుకోండి. స్మార్ట్ వాచీ గురించి ఎవరూ ఆలోచించరు, కొన్నిటిలో రికార్డర్ ఉంటుంది, బోనెక్కేటప్పుడు తీసేయండి. చెవిలో బ్లూటూత్ పెట్టుకుని సాక్ష్యం చెప్పడానికి మాత్రం ఎవరూ రాకండి, ఎవరో వెనక నుంచి చెప్పిస్తున్నారనే అనుకుంటారు. వాయిదా తేదీ చూసుకోవడానికి, మెసేజ్ చదువుకోవడానికి వరండాలోకి వెళ్లండి. లాయర్లు ట్యాబ్‌లో జడ్జిమెంట్లు చూసి వాదించడం ఇప్పుడు మామూలే. లాయరు లేకుండా మీరే వాదించుకుంటుంటే, మీ కాగితాలు ట్యాబ్‌లో ఉంటే, మొదట్లోనే లేచి "సార్, డాక్యుమెంట్లు చూసుకోవడానికి ఇది వాడుకోవచ్చా" అని అడగండి.

కోర్టు ఆవరణలో, మెట్ల మీద, చెట్ల కింద తీసే వీడియోలకీ హద్దులున్నాయి. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 10న ఇచ్చిన సర్క్యులర్‌లో హై సెక్యూరిటీ జోన్‌లో ఫొటోలు, వీడియోలు, రీల్స్ నిషేధించింది. ఉల్లంఘించే మీడియా వాళ్లకి ఒక నెల పాటు ప్రవేశం ఉండదని చెప్పింది. మీ కోర్టు గేటు దగ్గర ఏ నోటీసు ఉందో చదువుకోండి.

ఇప్పుడు మీ కేసులో ఏం చేయాలంటే: వచ్చే వాయిదా దాకా ఆగొద్దు. ఈ వారంలోనే మీ లాయరు గారి చేత ఆ డిపోజిషన్‌కి కాపీ అప్లికేషన్ వేయించండి. ఆర్‌టీఐ పెట్టకండి, కోర్టు కాగితాలు కోర్టు రూల్స్ ప్రకారమే తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పేసింది. సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చాక మొదట దాన్ని పూర్తిగా చదవండి. మీరు అనుకున్న మాట పై పేజీలోనో కింది పేరాలోనో వేరే రూపంలో ఉండొచ్చు. నా దగ్గరికి ఇదే అనుమానంతో వచ్చినవాళ్లలో చాలామందికి అలాగే తేలింది. నిజంగా లేకపోతే, ఆ రోజు మీ లాయరు గారు తన ఫైల్లో రాసుకున్న క్రాస్ నోట్స్ తీయించి, తేదీతో సహా మెమో వేయించండి. జడ్జి గారు అప్పటికి ఆలస్యమైందంటే, సాక్షిని మళ్లీ పిలిపించి ఆ ఒక్క విషయం అడగడానికి ఆర్డర్ 18 రూల్ 17 కింద పిటిషన్ వేసి చూడొచ్చు. ఖాళీలు పూడ్చుకోవడానికి కోర్టు దాన్ని ఒప్పుకోదు, కాబట్టి పిటిషన్‌లో అడగబోయే ప్రశ్న ఏమిటో, అది ఎందుకు అవసరమో స్పష్టంగా రాయాలి. వచ్చే వాయిదాకి ఒక నోట్‌బుక్కు, రెండు పెన్నులు తీసుకెళ్లండి. జవాబు వచ్చిన వెంటనే, సాక్షి అన్న మాటల్లోనే, టైంతో సహా రాసుకోండి. మీ లాయరు గారికి రూల్ 10 సంగతి ముందు రోజే ఫోన్ చేసి గుర్తు చేయండి.